రీలోడ్ చేసిన తూటాలకు రంగు గుర్తులు: గీత ఎక్కడ గీయాలి, దాన్ని ఎంతవరకు నమ్మాలి

మీరు అడిగింది ఇదీ. ఏఆర్-15 రైఫిల్ కోసం గరాజ్‌లో .223 కాలిబర్ తూటాలు రీలోడ్ చేసుకుంటున్నారు. అంటే కాల్చేసిన తూటా ఇత్తడి తొడుగులో (కేసు) కొత్త ప్రైమర్ (అడుగున ఉండి దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే బిళ్ల), పౌడర్, బుల్లెట్ (ముందుకు ఎగిరే భాగం) పెట్టి మళ్లీ తూటా చేయడం. ఒకే 55 గ్రెయిన్ల బుల్లెట్‌తో నాలుగు రకాల పౌడర్ బరువులు చేసి చూద్దామనుకున్నారు. డబ్బా కిందపడి నలభై తూటాలు కలిసిపోయాయి. కిందటి నెల వేరే పౌడర్‌తో చేసినవి కొన్ని వాటిలో ఉన్నాయేమోనని అనుమానం కూడా ఉంది. ఈమధ్యే .300 బ్లాకౌట్ అనే ఇంకో రకం తూటా కాల్చే బ్యారెల్ కొన్నారు. ఇకమీదట నెయిల్ పాలిష్ చుక్క పెట్టాలా, మార్కర్ గీత గీయాలా, ఏ రంగు దేనికి వాడాలి? డిసెంబర్‌లో ఇండియా వెళ్తున్నారు కాబట్టి ఆలోపే అన్నీ సర్దేయాలనుకుంటున్నారు.

నేను టెక్సాస్‌లో పదిహేడేళ్లుగా రీలోడ్ చేస్తున్నాను. నా అనుభవంలో తేలింది చెబుతాను.

రంగుల కంటే ముందు ఆ నలభై తూటాల సంగతి. వాటిని కాల్చకండి. అన్నీ రీలోడింగ్ మాన్యువల్ చెప్పిన హద్దులోపలే ఉన్నాయి కదా అని రాశారు. ఆ నాలుగు బరువుల వరకు అది నిజమే, కానీ రెండో పౌడర్ కలిసిందేమోనన్న అనుమానం మీకే ఉంది. తూకం వేసి విడదీద్దామని చాలామంది చూస్తారు, నేను కూడా మొదట్లో చూశాను. కుదరదు. మీ లోడ్ల (ఒక్కో పౌడర్ బరువుతో చేసిన రకాల) మధ్య తేడా 0.3 గ్రెయిన్లు. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, అంటే ఆ తేడా 20 మిల్లీగ్రాములు మాత్రమే. ఒక ఇత్తడి కేసుకీ ఇంకో ఇత్తడి కేసుకీ మధ్యే అంతకన్నా చాలా ఎక్కువ తేడా ఉంటుంది. కాబట్టి తూటా మొత్తం బరువు చూసి లోపల పౌడర్ ఎంతుందో చెప్పలేం.

సుత్తి ఆకారంలో ఉండే బుల్లెట్ పుల్లర్ ఒకటి కొనండి. తూటాను అందులో బిగించి గట్టి నేలమీద కొడితే కొన్ని దెబ్బలకు బుల్లెట్, పౌడర్ రెండూ ఊడి లోపల పడతాయి. కళ్లకు సేఫ్టీ అద్దాలు తప్పకుండా పెట్టుకోండి. బుల్లెట్లు, కేసులు మళ్లీ వాడుకోవచ్చు. ఆ పౌడర్‌ని మాత్రం ఏ డబ్బాలోనూ తిరిగి పోయకండి. కొంచెమే కాబట్టి నేనైతే పెరట్లో గడ్డి మీద పలుచగా చల్లేస్తాను. నలభై తూటాలకు ఒక సాయంత్రం పోతుంది, పోనివ్వండి.

ఇక గుర్తు ఎక్కడ పెట్టాలన్నది. తూటా అడుగున, ప్రైమర్ ఉండే చదునైన భాగం మీద పెట్టాలి. నేను చేసేది చూడండి. యాభై తూటాల ప్లాస్టిక్ డబ్బాలో అయిదేసి చొప్పున పది వరసలు ఉంటాయి. తూటాలను బుల్లెట్ కిందికి వచ్చేలా పెడితే అడుగులన్నీ పైకి కనిపిస్తాయి, యాభై చిన్న ఇత్తడి బిళ్లలు పేర్చినట్టు. అంతకుముందు వాటిని పాత టీషర్ట్ ముక్కతో ఒకసారి తుడవాలి. సైజింగ్ కోసం, అంటే కేసును పాత కొలతకు నొక్కడానికి, పూసిన లూబ్ (జారుడు నూనె) ఏమాత్రం మిగిలినా ఇంకు అంటదు, రెండోరోజుకి వేలికి వచ్చేస్తుంది. తుడిచాక సన్న మొన ఉన్న షార్పీ లాంటి పర్మనెంట్ మార్కర్‌తో ఒక్కో వరస మీదుగా ఒక గీత లాగుతాను. గీత ప్రైమర్ నడిమధ్య నుంచి పోవాలి. పది గీతలతో యాభై తూటాలు అయిపోతాయి. నిమిషం కూడా పట్టదు, ఆరడానికి ఇంకో నిమిషం.

ఇక్కడే చాలామంది పడే గుంత ఒకటి ఉంది, దీన్ని మాత్రం జాగ్రత్తగా చదవండి. తూటా కాల్చాక ఖాళీ కేసు అడుగున ఆ గీత అలాగే ఉండిపోతుంది. మీరు పాత ప్రైమర్ తీసి కొత్తది ఎక్కిస్తారు. ఇప్పుడు చుట్టూ ఉన్న ఇత్తడి మీద పాత ఎర్ర గీత రెండు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో కొత్త ప్రైమర్ మెరుస్తూ ఉంటుంది. ఈసారి అందులో నీలం లోడ్ వేశారనుకోండి. గీత గీయడం మర్చిపోతే రెండు నెలల తర్వాత చూసేవాడికి అది ఎర్ర లోడ్. కేసులు శుభ్రం చేయడానికి మొక్కజొన్న కంకి పొడి వేసి తిప్పే టంబ్లర్‌లో ఇంకు పూర్తిగా పోతుందన్న నమ్మకం లేదు. నీళ్లు, స్టీల్ పిన్నులతో తిప్పితే చాలావరకు పోతుంది. అయినా నేను దేన్నీ నమ్మకుండా రబ్బింగ్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో పాత రంగు తుడిచేశాకే కొత్త ప్రైమర్ పెడతాను.

దీని నుంచే నేను పెట్టుకున్న నియమం వచ్చింది. ప్రైమర్ మీద ఉన్న రంగు లోడ్‌ది. చుట్టూ ఇత్తడి మీద ఉన్న రంగు కేసు ఎవరిదో చెప్పడానికి. ప్రైమర్ మారితే దాని మీది రంగు దానితోపాటే పోతుంది, కాబట్టి పాత అబద్ధం మిగలదు. ప్రైమర్ మీద రంగు లేని తూటా ఏదైనా సరే, చుట్టూ ఎన్ని గీతలున్నా, నా దృష్టిలో గుర్తు లేనిదే. అది నేరుగా పుల్లర్‌లోకి వెళ్తుంది.

కేసు ఎవరిదో చెప్పే గుర్తు అవసరమా అని మీరు అడగవచ్చు. షూటింగ్ రేంజ్‌లో పక్క లేన్ ఆయన కూడా .223 కాలుస్తుంటాడు, ఖాళీ కేసులన్నీ ఒకేచోట పడతాయి. మీవి మూడుసార్లు వాడిన కేసులు, ఆయనవి ఎన్నిసార్లు వాడినవో తెలియదు. ఎక్కువసార్లు కాల్చిన ఇత్తడి మెడ దగ్గర చీలుతుంది, అడుగు దగ్గర పలచబడి విడిపోతుంది. మా చిన్నప్పుడు ఊళ్లో బట్టలు ఉతికేవాళ్లు నల్లజీడి గింజ రసంతో ఒక్కో ఇంటి బట్టకు ఒక్కో గుర్తు పెట్టేవాళ్లు. అంచు లోపల చిన్న చుక్కో, రెండు గీతలో. ఎన్ని ఉతుకులు పడినా పోయేది కాదు. ఎవరి పంచె వాళ్లింటికే చేరేది. కేసు అంచున పెట్టే గుర్తు అలాంటిది. నాది నల్ల గీతలు రెండు, ఇన్నేళ్లుగా మార్చలేదు.

నెయిల్ పాలిష్ సంగతి. పెళ్లికి అరువిచ్చే గిన్నెల అడుగున నెయిల్ పాలిష్ చుక్క పెట్టడం మన ఇళ్లలో అందరికీ అలవాటే కాబట్టి మీకు ఆ ఆలోచన రావడం సహజం. గిన్నె మీద ఆ చుక్క మందం ఎవరికీ అడ్డురాదు. తూటా అడుగున అడ్డొస్తుంది. బోల్ట్ (తూటాను వెనక నుంచి మూసే లోహపు ముక్క) ముఖం వచ్చి ఆనుకునేది సరిగ్గా అక్కడే. పాలిష్ గడ్డలా ఆరితే బోల్ట్ పూర్తిగా మూసుకోకపోవచ్చు, లేదా అది పెళుసుగా ఊడి ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసును బయటికి లాగే కొక్కెం) కింద ముక్కలుగా చేరుతుంది. ఇంకో భయం ప్రైమర్ చుట్టూ ఉండే సన్నని సందు. పాలిష్‌లోని ద్రావకం బ్రష్ నిండా తీసుకుని పూస్తే ఆ సందులోంచి లోపలికి పీల్చుకుపోయి ప్రైమర్‌ని పాడుచేసే అవకాశం ఉంది. తూటా పేలకపోతే ఒక చికాకు. సగం బలంతో పేలి బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుంటే, దాని వెనక ఇంకోటి కాలిస్తే, తుపాకి చేతిలో పగులుతుంది. సైనిక తూటాల్లో ప్రైమర్ చుట్టూ ఎర్రగా, ఆకుపచ్చగా కనిపించే ఉంగరం కూడా లక్కరే కదా అంటారు కొందరు. అది తేమ లోపలికి పోకుండా ఫ్యాక్టరీలో చాలా పలుచగా వేసేది. మన చేతి బ్రష్‌తో ఆ పని కాదు. మార్కర్ చాలు.

రంగుల ఎంపికలో మొదటి మాట: ఇత్తడి పసుపు. పసుపు, నారింజ, బంగారు రంగులు దానిమీద ఉన్నా లేనట్టే. నలుపు, నీలం, ఎరుపు, ఆకుపచ్చ బాగా కనిపిస్తాయి. కానీ ఇండోర్ రేంజ్‌లో లైట్ మసకగా ఉంటే ముదురు ఎరుపు, నలుపు ఒకటే అనిపిస్తాయి, నీలం, ఆకుపచ్చ కూడా అంతే. మగవాళ్లలో ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని వాళ్లు తక్కువేం కాదు, కొందరికి ఆ సంగతి వాళ్లకే తెలియదు. అందుకని రంగుతోపాటు ఆకారం కూడా మార్చండి. నీలం ఒక గీత, ఎరుపు అడ్డంగా నిలువుగా రెండు గీతలు, నలుపు చుక్క. రంగు పోల్చుకోలేని చోట ఆకారం చెబుతుంది. నాలుగు రకాలకు మించి పెట్టుకోకండి. ఏడు రంగుల పట్టిక చేసుకున్నవాళ్లను చూశాను, ఆర్నెల్లకు వాళ్లకే గుర్తుండలేదు.

బుల్లెట్ మొనకు మాత్రం రంగు వేయకండి. మొనల రంగులకు ముందే అర్థాలున్నాయి. అమెరికా సైన్యంలో నల్ల మొన అంటే కవచం చీల్చేది, నారింజ మొన అంటే వెలుగు గీత కనిపించే ట్రేసర్, 5.56లో (.223కి దగ్గరి సైనిక తూటా) ఆకుపచ్చ మొన అంటే లోపల స్టీల్ ముక్క ఉన్న ఎం855. చాలా రేంజ్‌లలో ఇవి నిషేధం. మీరు సరదాగా ఆకుపచ్చ మార్కర్ పూసుకుని వెళ్తే రేంజ్ ఆఫీసర్ అయస్కాంతం తెచ్చి ఒక్కొక్కటీ పరీక్షిస్తాడు, అది ఆయన డ్యూటీ. ఇక ఫ్యాక్టరీ నుంచే ప్లాస్టిక్ మొనలతో వచ్చే బుల్లెట్లు వేరు. నోస్లర్ బాలిస్టిక్ టిప్‌లో .30 కాలిబర్‌కి ఆకుపచ్చ, 7 మిల్లీమీటర్లకు ఎరుపు, .270కి పసుపు. అక్కడ రంగు కాలిబర్‌ని చెబుతుంది, మీరు లోపల ఎంత పౌడర్ పోశారో చెప్పదు.

.300 బ్లాకౌట్ గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. మీ ప్రశ్న మొత్తంలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే. 2011లో సామీ (అమెరికాలో తూటాల కొలతలు నిర్ణయించే సంస్థ) ఆమోదం పొందిన ఈ తూటా .223 కేసునే పొట్టిగా కోసి, మెడను వెడల్పు చేసి పుట్టించింది. బోల్ట్ అదే, మ్యాగజైన్ అదే, మారేది బ్యారెల్ మాత్రమే. సౌకర్యం అందులోనే ఉంది, ప్రమాదం కూడా అందులోనే ఉంది. కొన్ని రకాల బుల్లెట్లతో .300 బ్లాకౌట్ తూటా .223 ఛాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) దూరిపోతుంది, బోల్ట్ మూసుకుంటుంది. అప్పుడు ట్రిగ్గర్ నొక్కితే .308 అంగుళాల బుల్లెట్ .224 అంగుళాల దారిలోంచి పోవాలి. పోదు. రైఫిల్ పగిలిపోతుంది. ఇలా పగిలిన రైఫిల్ ఒకదాన్ని మా రేంజ్‌లో కళ్లారా చూశాను. మ్యాగజైన్ పెట్టే చోట అల్యూమినియం పువ్వులా విచ్చుకుపోయి ఉంది. ఆ మనిషి చేతికి కుట్లతో బయటపడ్డాడు.

ఇందులో రీలోడ్ చేసేవాళ్లకు ప్రత్యేకంగా ఇంకో చిక్కు ఉంది. పాత .223 కేసులు కోసి .300 బ్లాకౌట్ కేసులు చేసుకుంటే, అడుగున ముద్ర మాత్రం .223 అనే ఉంటుంది. ఆ అక్షరాలు ఇప్పుడు అబద్ధం చెబుతున్నాయి. అలాంటి కేసులకు గీత చాలదు. అడుగు మొత్తం, ముద్రతో సహా, ఒక రంగుతో నింపేయండి. నేను ఎరుపు వాడతాను, ఆ నిండు ఎరుపును ఇంకే పనికీ వాడను. ప్రతి రీలోడ్‌కీ మళ్లీ నింపాలి.

అదీ సరిపోదు. తూటాలు మ్యాగజైన్‌లోకి వెళ్లాక వాటి అడుగులు మీకు కనబడవు, పైన ఉన్న ఒక్క తూటా పక్కభాగమే కనిపిస్తుంది. కాబట్టి మ్యాగజైన్‌కే రంగు ఉండాలి. .223కి నల్ల మ్యాగజైన్లు, బ్లాకౌట్‌కి వేరే రంగువి కొని వాటికి రబ్బరు పట్టీ కూడా వేయండి, చీకట్లో చేతికి తగిలేలా. వీలైతే రెండు బ్యారెళ్లనూ ఒకేరోజు రేంజ్‌కి తీసుకెళ్లకండి. నేను ఒక సంచిలో ఒక్క కాలిబరే పెడతాను.

రంగు ప్రాణం కాపాడుతుందనడానికి షాట్‌గన్ తూటాలను మించిన ఉదాహరణ లేదు. సన్నగా ఉండే 20 గేజ్ తూటాను పొరపాటున వెడల్పైన 12 గేజ్ తుపాకిలో వేస్తే అది ఛాంబర్ దాటి కొంత ముందుకు జారి బ్యారెల్‌లో ఇరుక్కుంటుంది. వెనక నుంచి చూస్తే ఛాంబర్ ఖాళీగా ఉంటుంది. మనిషి ఇంకో 12 గేజ్ తూటా పెట్టి కాలుస్తాడు. బ్యారెల్ చీలిపోతుంది. అందుకే అమెరికా కంపెనీలు పసుపు రంగును 20 గేజ్ తూటాలకే ఉంచేశాయి. ఆ ఒక్క రంగుకీ ఒకే అర్థం. మీ బెంచ్ మీద కూడా ఏ రంగైనా అలాగే ఉండాలి, ఒక రంగుకి రెండు పనులు చెప్పకూడదు.

పౌడర్ విషయంలోనూ కంపెనీలు ఈ జాగ్రత్త తీసుకున్నాయి. అలయంట్ వాళ్ల రెడ్ డాట్‌లో అక్కడక్కడా ఎర్ర రేకులు, గ్రీన్ డాట్‌లో ఆకుపచ్చవి, బ్లూ డాట్‌లో నీలం రేకులు కనిపిస్తాయి. చాలా పౌడర్లకు అలాంటి గుర్తు ఉండదు, అన్నీ బూడిద రంగు గింజలే. అందుకే బెంచ్ మీద ఒక సమయంలో ఒకే పౌడర్ డబ్బా ఉండాలి, పని అయ్యాక హాపర్ (పౌడర్ కొలిచే పరికరం మీది గిన్నె) ఖాళీ చేసి అదే డబ్బాలో పోసేయాలి. మీ రెండో పౌడర్ అనుమానం కూడా ఇక్కడే మొదలై ఉంటుంది.

ఇప్పుడు రంగుని ఎంతవరకు నమ్మాలన్నది. మా ఇంట్లో జరిగింది చెబుతాను. నాకు .357 మ్యాగ్నం రివాల్వర్ ఉంది. మా ఆవిడ నేర్చుకుంటున్న రోజుల్లో ఆమెకోసం .357 కేసుల్లోనే చాలా తేలికైన లోడ్ చేసేవాణ్ని. నాకోసం పూర్తి బలం ఉన్నవి చేసేవాణ్ని. ఒకే ఇత్తడి, ఒకే బుల్లెట్. తేలికవాటికి నీలం డబ్బా, బలమైనవాటికి ఎర్ర డబ్బా. గుర్తు డబ్బా రంగే, తూటా మీద ఏమీ లేదు. ఒకసారి కడిగి ఆరబెట్టినప్పుడు మూతలు మారాయి. రేంజ్‌లో ఆమె ఎప్పటిలాగే రెండు చేతులతో వదులుగా పట్టుకుని కాల్చింది. ఆ దెబ్బకు రివాల్వర్ పైకి ఎగిరి ఆమె నుదుటికి వేలెడు దూరంలో ఆగింది. మణికట్టు వారం రోజులు వాచింది. తుపాకి తట్టుకునే లోడే అది, ఆమె తట్టుకునేది కాదు. మూత తెరిచి చూసినా తేడా తెలిసే మార్గం నేను పెట్టలేదు. ఆమె మళ్లీ రేంజ్‌కి రావడానికి రెండేళ్లు పట్టింది. తేలిక లోడ్‌కి .38 స్పెషల్ కేసులు వాడి ఉంటే సరిపోయేది. అవి .357 కంటే సుమారు 0.135 అంగుళం పొట్టి, చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. ఇప్పుడు అవే వాడుతున్నాను, వాటిమీద నీలం గీత కూడా ఉంటుంది.

కాబట్టి గుర్తు మూడుచోట్ల ఉండాలి, మూడూ ఒకే మాట చెప్పాలి: ప్రైమర్ మీద రంగు, డబ్బా లోపల చీటీ, నోట్‌బుక్‌లో వివరం. చీటీ మూతకు అంటించకండి, మూతలు మారతాయి. తూటాలున్న అడుగు భాగానికి అంటించండి. దానిమీద తేదీ, కేసు ఏ కంపెనీ, ఎన్నోసారి వాడకం, ప్రైమర్, పౌడర్ పేరు, లాట్ నంబర్, బరువు, బుల్లెట్ బరువు, తూటా మొత్తం పొడవు, గీత రంగు, ఆకారం రాయండి. జెల్ పెన్ను వద్దు, చెమట చేతికి చెరిగిపోతుంది. మూడింటిలో ఏ రెండింటికీ పొంతన కుదరకపోయినా ఆ డబ్బా పుల్లర్‌కే. తూటా మీది రంగు ఒక్కటే చూసి అందులో ఏముందో నేను ఎప్పుడూ నిర్ణయించను. చీటీ తీసి చదవాలని గుర్తు చేయడానికే ఆ రంగు.

మీ నాలుగు బరువుల పరీక్ష మళ్లీ చేసేటప్పుడు ఒక బరువు పూర్తిచేసి, గీత గీసి, చీటీ పెట్టి, డబ్బా మూశాకే రెండోది మొదలుపెట్టండి. మధ్యలో ఫోన్ వస్తే ఆ ట్రేని మొదటినుంచి చూసుకోండి. ఇలాంటి పరీక్షలో కొందరు బుల్లెట్ పక్కలకు మార్కర్ పూస్తారు, కాగితం మీద పడిన రంధ్రం అంచున ఆ రంగు మరక కనిపించి ఏది ఏ లోడో తెలుస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా విమాన గన్నర్ల శిక్షణలో ఇదే పని పెద్దఎత్తున చేశారు. ఒక్కో గన్నర్ తూటాల మొనలకు ఒక్కో రంగు, విమానం వెనక లాగే గుడ్డ టార్గెట్ మీద ఏ రంగు ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టేవాళ్లు. మీకు 100 గజాల దగ్గర అంత అవసరం లేదు, ఒక్కో బరువుకి ఒక్కో టార్గెట్ పెట్టుకుంటే చాలు.

మీరు చేసిన తూటాలు ఫ్రెండ్స్‌కి ఇవ్వకండి. సొంతానికి చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మడానికి చేస్తే కావాలి. ఊరికే ఇచ్చినా మీ రంగుల అర్థం వాళ్లకు తెలియదు. మీ దగ్గర గ్రీన్ కార్డ్ ఉందన్నారు, మంచిది. హెచ్-1బి మీద ఉన్న ఫ్రెండ్స్ చూసి మొదలుపెడదామంటే మాత్రం ముందు లాయర్‌ని అడగమనండి. ఆ వీసా మీద ఉన్నవాళ్లు హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం.

ఇక డిసెంబర్ ప్రయాణం. రేంజ్‌కి వాడిన సంచిని ఇండియాకి తీసుకెళ్లకండి, ఎంత ఖాళీగా కనిపించినా సరే. కుట్ల సందులో, పక్క జేబు మూలలో ఒక తూటా మిగలడం చాలా తేలిక. శంషాబాద్‌లో స్కానర్‌లో అది కనబడితే 1959 ఆయుధాల చట్టం కింద కేసవుతుంది, అమెరికాలో లీగల్ అన్న మాట అక్కడ పనికిరాదు. తూటాల ఖాళీ ఇత్తడి కేసులు కూడా వద్దు. మీ జాకెట్ జేబులు, కారు డోర్ అరలు, పిల్లల బ్యాక్‌ప్యాక్‌లు అన్నీ ఈ వారమే తిరగేసి, దొరికిన ప్రతి తూటానూ ఆ నలభైతోపాటు పుల్లర్ పక్కన పెట్టండి.